ఎఱ్ఱ సిరా

మన యిండ్లలో నొక దృశ్యము తఱచుగా కనబడును. బాలుడో బాలికయో బడినుండి వచ్చి, సంచిలోనుండి దిద్దిన కాగితము తీసి తల్లి చేతికిచ్చును. తల్లి మొదట మార్కు చూచును. పిదప ఎఱ్ఱ గీతలు లెక్కపెట్టును. గీతలు పది యున్నచో తప్పులు పది యని నిట్టూర్చును. రెండే యున్నచో బిడ్డకు తెలుగు వచ్చినదని సంతోషించును. ఆ గీత యెందుకు పడినది, అది పడిన మాట నిజముగా తప్పేనా, ఆ మాట తప్పు కానిచో మఱి తప్పెక్కడ దాగియున్నది అని యడుగువారు అరుదు. ఈ వ్యాసములో మేము అడుగదలచినది ఆ ప్రశ్ననే. ఇరువది యేండ్లుగా గౌతమీ తీరమున నొక యున్నత పాఠశాలలో తెలుగు చెప్పుచు, వేలకొలది కాగితములపై ఎఱ్ఱ సిరా పోసినవారము గనుక, ఈ విచారణలో మేము సాక్షులము మాత్రమే కాము. కొంతవఱకు ముద్దాయిలము కూడ.

తెలుగు వ్యాసము దిద్దుట యను పని మనము తలచునంత ప్రాచీనమైనది కాదు. వీధిబడిలో బాలుడు గుణింతము దిద్దెను, పద్యము వల్లించెను, ఎక్కములు చదివెను, ఉత్తరము వ్రాయనేర్చెను. కాని యొక విషయము నిచ్చి, దానిని గూర్చి నీ సొంత మాటలతో నిరువది వాక్యములు వ్రాయుమని వాని నెవ్వరును అడుగలేదు. వ్యాసరచన యింగ్లీషు చదువుతో వచ్చినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. పరీక్షలును, పరీక్షకులును, మార్కులును దాని వెంట వచ్చినవి. పరీక్షకుడు వచ్చిన పిమ్మట వానికొక కొలబద్ద కావలెను గదా. ఆ మఱుసటి సంవత్సరమే, 1858లో, బాలవ్యాకరణము వెలువడినది.

చిన్నయసూరిగారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. అంతకు ముందే, 1853లో, నీతిచంద్రిక వ్రాసి గద్యమునకొక మేలుబంతి చూపియుండిరి. వారి మేధను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. సంస్కృతపు సూత్రశైలిని తెలుగునకు దించి యింత కుదురుగా భాషను కట్టి చూపినవారు మఱియొకరు లేరు. సంధి చెప్పవలసివచ్చినపుడు మేము నేటికిని ఆ గ్రంథమునే తెఱచుదుము. అయినను ఆ కట్టుబాటునకు ఆధారము పూర్వకవుల పద్యము. పద్యములో ఛందస్సు కోరగా నిలిచిన రూపములు, కవులు తరతరములుగా కాపాడుకొన్న రూపములు, పదునాలుగేండ్ల బాలుని గద్యమునకు శాసనములైనవి. ద్రుతము మీది పరుషము సరళము కావలెను. 'వాడు పోయెను' అనవలసిన చోట 'వాడు వోయెను' అనుట పాండిత్యము. క్త్వార్థమగు ఇకారమునకు సంధి లేదు గనుక 'వచ్చి యుండెను' ఒప్పు, కలిపి పలికినట్లు వ్రాయుట తప్పు. 'పుస్తకాలు' తప్పు, 'పుస్తకములు' ఒప్పు. 'తెలుసు' తప్పు, 'తెలియును' ఒప్పు. 'వచ్చాడు' అన్నచో నది తప్పు కూడ కాదు, గ్రామ్యము. తప్పునకు మార్కు పోవును, గ్రామ్యమునకు మర్యాద పోవును.

వీటన్నిటిలో బాలుని ఎక్కువగా బాధించినవి అరసున్నయు, బండి ఱయు. మన కోస్తా జిల్లాలలో అరసున్న నోట పలుకదు. రెండు రేఫముల భేదమును నోట పలుకదు. నోటికిని చెవికిని అందని భేదమును చేయి మాత్రము చూపవలెను. అట్టి తప్పును తల్లి పట్టుకొనలేదు, తండ్రి పట్టుకొనలేడు. వ్రాసిన బాలుడు పదిసారులు చదువుకొన్నను తెలిసికొనలేడు. పండితుడొక్కడే పట్టుకొనగలడు. అందుచేత ఎఱ్ఱ సిరా సీసా పండితుని యొక్క చేతిలోనే నిలిచినది. (ఈ వ్యాసములో మేము అరసున్నలు విడిచితిమి. బండి ఱను మాత్రము విడువలేకపోతిమి. ఇది సిద్ధాంతము కాదు, అలవాటు. మా గురువులు వేసిన గీతలు మా వ్రేళ్లలో నింకను ఉన్నవి.)

ఇక మన రాజమహేంద్రవరమునకు వత్తము. నన్నయ యిచ్చట భారతము రచించినాడని ప్రతి బాలుడు వ్రాయును. ఆంధ్రశబ్దచింతామణి యను సంస్కృత సూత్రగ్రంథమును కూడ ఆయనదే యని చెప్పి, దానిమీద తెలుగు వ్యాకరణమునంతయు నిలుపుట యొకనాటి సంప్రదాయము. అది పదునేడవ శతాబ్దినాటి అప్పకవి వలన వ్యాప్తిలోనికి వచ్చినది. నన్నయనాటిది కాదని నేటి విమర్శకులు చాలమంది యెంచుచున్నారు. ఆ మాట యటుంచి, ఈ పట్టణమునందే కందుకూరి వీరేశలింగముగారు చాల యేండ్లు కళాశాలలో తెలుగు పండితులుగా నుండిరి. వారి గద్యపు నడక గమనించిన వారికొక సంగతి తెలియును. సూరిగారి పంచతంత్రభాగమును కొనసాగించుచు విగ్రహమును వ్రాసినపుడు వారిది కఠినమైన గ్రాంథికము. 1874లో వివేకవర్ధని పత్రిక నారంభించిన పిదప, లంచములను గూర్చియు వేశ్యాసంపర్కమును గూర్చియు బాల్యవివాహములను గూర్చియు వ్రాయవలసి వచ్చెను. స్త్రీలు చదువవలెను, గుమాస్తాలు చదువవలెను. చదువరి మాఱగానే వాక్యము పొట్టిదైనది, సమాసము విడిపోయినది, విసంధి దోషము కాకపోయినది. ఎవ్వరితోడను వాదమాడకుండగనే వారి కలము సులభమైనది. మా యెఱుకలో తెలుగు గద్యమును దిద్దిన మొదటి ఎఱ్ఱ సిరా చదువరియొక్క అవసరమే.

కాని బడిలో కాగితము దిద్దువాని కలము అంత సులభముగా మాఱలేదు.

1906 ప్రాంతమున ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారిగా జె. ఎ. యేట్సు అను దొరగారు వచ్చిరి. వారు తెలుగు నేర్చుకొనుచు తరగతులలో కూర్చుండి వినిరి. పంతులు పుస్తకము చదువునపుడొక భాష వినబడెను. దానిని పిల్లలకు వివరించునపుడు మఱియొక భాష వినబడెను. ఈ రెంటిలో తెలుగేది యని వారికి సందేహము కలిగెను. ఆ సందేహము విశాఖపట్టణములో మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారమున విజయనగరములోని గురజాడ అప్పారావుగారికిని, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి పంతులుగారికిని చేరెను. అప్పటికే గురజాడవారు కన్యాశుల్కమును వాడుక భాషలో వ్రాసియుండిరి. గిడుగువారు పర్లాకిమిడిలో చరిత్ర బోధించిన యుపాధ్యాయులు. సవరల భాష నేర్చి, తరువాతి కాలమున దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చినవారు. గ్రంథములు లేని సవర భాషకును నియమము కలదని చెవితో కనుగొన్న మనుష్యుడు, తన యింటి భాషకు నియమము లేదని యనగా నెట్లూరకుండును?

వాదము త్వరలోనే పరీక్షాగృహమునకు చేరెను. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును గ్రాంథికముననైనను, ఆధునిక భాషనైనను వ్రాయవచ్చునని ఉత్తరువు వచ్చెను. ఒక్క యుత్తరువుతో, నిన్నటి తప్పు నేటి యొప్పైనది. 'వెళ్ళాడు' అని వ్రాసిన బాలునికి మార్కు తగ్గింపరాదు. ఆ మాట విని పండితలోకము కలత జెందినదనుట తక్కువ.

ఆ కలతకు నాయకులైన జయంతి రామయ్య పంతులుగారు మన సీమవారే. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించినవారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తునకు వారు మూలస్తంభము. ఉన్నతోద్యోగము చేసినవారు, శాసనములు చదివినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పాటుపడినవారు. గ్రాంథికమును సమర్థించుచు 1913లో వారు ఇంగ్లీషున నొక గ్రంథము ప్రకటించిరి. అదే సంవత్సరమున గిడుగువారు ఆధునికాంధ్రమును సమర్థించుచు ఇంగ్లీషుననే విజ్ఞాపనపత్రము ప్రకటించిరి. తెలుగు బాలుడు తెలుగున నెట్లు వ్రాయవలెనో నిర్ణయించుటకు ఇద్దఱు తెలుగువారు ఇంగ్లీషున పోరాడిరి. దీనిని మేము పరిహాసముగా చెప్పుటలేదు. తీర్పరులు ఇంగ్లీషు చదువువారు గనుక అట్లు చేయవలసివచ్చెను.

రామయ్య పంతులుగారిని నేడు ప్రతిపక్షముగా చూచి నవ్వుట సులభము. వారి ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు. వాడుక యనగా ఎవ్వరి వాడుక? గంజాము వాడుకయా, గుంటూరు వాడుకయా, కడప వాడుకయా? వ్రాతభాష యందఱకును ఒక్కటిగా నుండుటచేతనే ఒక జిల్లా గ్రంథమును మఱియొక జిల్లావాడు చదువుచున్నాడు. ఆ కట్టు తెంచినచో ఏమి నిలుచును? దీనికి గిడుగువారు చెప్పిన సమాధానము శిష్టవ్యావహారికము: చదువుకొన్నవారు తమలో తాము మాటాడు భాష. ఆ సమాధానములో నెంత బలము కలదో, ఎంత చిక్కు కలదో ముందు చెప్పెదము.

విశ్వవిద్యాలయము ఈ సంగతి విచారించుటకు సంఘమును నియమించెను. అందులో గ్రాంథిక పక్షమే ఎక్కువ. గురజాడవారు 1914లో తమ భిన్నాభిప్రాయమును ప్రత్యేకముగా వ్రాసి సమర్పించిరి. 1915 నవంబరులో కన్నుమూసిరి. ఆధునిక భాషకిచ్చిన స్వేచ్ఛ నిలువలేదు. ఎఱ్ఱ సిరా మరల తన పాత త్రోవలో ప్రవహింపసాగెను.

ఇచ్చట గిడుగువారు పట్టిన యుపాయము మాకు మిక్కిలి ప్రీతికరమైనది. బాలుర కాగితములు దిద్దువారి కాగితములనే వారు దిద్దనారంభించిరి. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించుచున్న పండితులు తాము ప్రకటించిన పుస్తకములలో, పీఠికలలో, వ్యాసములలో ఆ గ్రాంథికమును తప్పులేకుండ వ్రాయుచున్నారా? 1916లో కొవ్వూరి సభలో వారు ఉదాహరణములు చదివి, వ్రాయలేకున్నారని చూపిరి. బాలవ్యాకరణమును కొలబద్దగా పట్టినచో దానికి లోబడని ప్రయోగములు ఆ పండితుల రచనలలోనే కుప్పలుగా నున్నవి. తరువాత ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అను గ్రంథమున ఆ కుప్పలను ఆరబోసిరి. భిషక్కులకు భేషజము! వైద్యునికే మందు. బాలకవి శరణ్యములో దీనికి రెండవ వైపు చూపిరి: నేటి బాలకవి చేయగా తప్పని కొట్టివేసిన ప్రయోగమును ప్రాచీన మహాకవియే చేసియున్నాడని. గద్యచింతామణిలో శాసనములనుండియు వ్యాఖ్యానములనుండియు పాత గద్యమును తెచ్చి, వ్యవహార రూపములు నేడు పుట్టిన జాడ్యము కాదని చూపిరి. చరిత్ర చెప్పిన పంతులు గదా. ప్రతి మాటకును సాక్ష్యము చూపుమనిరి.

1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు దాని యధ్యక్షులు వీరేశలింగముగారు. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు దాటినవి. మూడు నెలలకే స్వర్గస్థులైరి. సంగ్రహవ్యాకరణము వ్రాసినవారు, గ్రాంథికమున నూఱు పుస్తకములకు పైగా వ్రాసినవారు, జీవితాంతమున ఆ పీఠమున కూర్చుండిరి. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై నుంచిన నిషేధమును ఎత్తివేసెను. 1925లో తణుకులో గిడుగువారు గంటల తరబడి ప్రసంగించి ప్రతిపక్షులను తమ వాదమునకు త్రిప్పుకొనిరి. కొవ్వూరు, రాజమహేంద్రవరము, కాకినాడ, తణుకు: పటము పఱచి చూచినచో ఈ వాదము యొక్క కీలకమైన ఘట్టములు పెక్కు గోదావరికి ఇరుప్రక్కలనే జరిగినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా గిడుగువారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకే వచ్చి నివసించిరి. 1940 జనవరిలో మద్రాసున దివంగతులైరి. బడిపుస్తకములకు ఈ గెలుపు చేరుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తన పాఠ్యగ్రంథములను వాడుక తెలుగున ప్రకటించునప్పటికి ఆ వీరులలో నొక్కరును లేరు.

ఇంతవఱకు చరిత్ర. ఇక మా ఫిర్యాదు.

అరువది డెబ్బది యేండ్లు సాగిన యీ పోరాటములో ఉభయపక్షములవారును ఎక్కువగా పోరాడినది పదరూపముల మీద. వచ్చెనా, వచ్చాడా, పుస్తకములా, పుస్తకాలా. ఇది యవసరమైన పోరాటమే; మేము గిడుగువారి పక్షమువారమే, గ్రాంథికమున వ్రాయుచున్నను. (ఈ పత్రిక మర్యాద యొకటి, మా అలవాటొకటి.) కాని కాగితము దిద్దువాని దృష్టి పదము మీదనే నిలిచిపోయినది. గ్రాంథికము పోయినను ఆ దృష్టి పోలేదు. పదము వెనుక వాక్యమున్నది. వాక్యములో అన్వయమున్నది. ఆ చోటునకు ఎఱ్ఱ సిరా చాల తక్కువగా పోయినది. నేడును తక్కువగానే పోవుచున్నది.

ఒక వాక్యము చూడుడు. పై తరగతుల కాగితములలో ఇట్టివి మాకు ప్రతి సంవత్సరము దొరకును. "ధవళేశ్వరం ఆనకట్ట యొక్క నిర్మాణం అనేది కాటన్ దొర ద్వారా 1852లో పూర్తి చేయబడటం జరిగింది." పదము పదముగా చూచినచో తప్పు లేదు. అక్షరదోషము లేదు. సంవత్సరము సరి. దిద్దువాడు ఒప్పు గుర్తు వేసి పోవును. కాని యిది తెలుగు వాక్యమా? తెలుగుదేశములో ఏ తల్లియైనను "అన్నం వండబడటం జరిగింది, రండి" అని పిలుచునా? "కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తి చేశాడు" అన్నచో పండ్రెండు మాటల పని యేడు మాటలతో తీరును. 'యొక్క' పోయినది, 'అనేది' పోయినది, 'ద్వారా' పోయినది, 'జరిగింది' పోయినది. కట్టినవాడు కర్తయై ముందు నిలిచినాడు. ఈ వాక్యము బాలుడు స్వయముగా కల్పించినది కాదు. కచేరి కాగితములనుండియు, ఇంగ్లీషునుండి తెచ్చిన పుస్తకములనుండియు నేర్చుకొన్నాడు. కర్తను దాచుట కచేరీకి లాభము, బాలునికేమి లాభము? (ఈ వ్యాసపు మొదట మేము 'స్థాపింపబడెను' అని వ్రాసితిమి. చదువరులు పట్టుకొనియే యుందురు.)

మఱియొకటి. "వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం 1881లో చేయించబడింది." ఇది వేఱు జాతి తప్పు. వాక్యము ఒక త్రోవను బయలుదేరి మఱియొక యూరికి చేరినది. వీరేశలింగముగారు కర్తగా మొదలైరి. క్రియ వచ్చుసరికి వివాహము కర్తయైనది. దీనినే మన పెద్దలు అన్వయభంగమనిరి. "ఆయన నడిపిన పత్రిక పేరు వివేకవర్ధనిని నడిపారు" అనునదియు నిట్టిదే. రెండు వాక్యములు మధ్యలో ఢీకొని యొకటైనవి. ఇట్టి చోట మాటమీద గీత గీసిన లాభము లేదు, ఏ మాటయు తప్పు కాదు గనుక. బాలుని పిలిచి, "నీవు చెప్పదలచినదేమి? నోటితో చెప్పుము" అన్నచో వాడు తప్పులేకుండ చెప్పును! "వీరేశలింగంగారు 1881లో మొదటి వితంతు వివాహం చేయించారండి" అనును. నోట సరిగా నున్న వాక్యము చేతిలోనికి వచ్చుసరికి చెడినది. గ్రాంథికపు కాలమున బాలుని నోటిని నమ్మలేదు. నేడు బాలుడే తన నోటిని నమ్ముటలేదు.

'తన', 'అతని' భేదమును ఇట్లే పోవుచున్నది. "గురువు శిష్యునితో తన పుస్తకం పోయిందన్నాడు" అన్నచో పోయినది గురువుగారి పుస్తకము. "అతని పుస్తకం" అన్నచో శిష్యునిదో మఱియొకనిదో. ఈ సౌకర్యము ఇంగ్లీషునకు లేదు. మన బాలురు తమ తల్లి ఉగ్గుతో పోసిన ఈ భేదమును ఇంగ్లీషు వాక్యముల నీడలో మఱచి, అన్నిచోట్లను 'అతని' 'ఆయన' అని వ్రాయుచున్నారు. ఒకే పురుషుని ఒక వాక్యమున 'అన్నారు' అని గౌరవించి తరువాతి వాక్యమున 'చేశాడు' అని దింపుట గూర్చి చెప్పనక్కఱలేదు. అక్షరదోషములను గూర్చి రెండు మాటలు చాలును: 'బాధ' 'భాద'యైనది, 'విద్య' 'విధ్య'యైనది, ఇవి దిద్దవలసినవే. పది దినములు శ్రద్ధగా చూచి వ్రాసినచో పోవును. వీటికై బాలుని అవమానింపనక్కఱలేదు.

ఇక శిష్టవ్యావహారికములోని చిక్కు. శిష్టులెవ్వరు అను రామయ్య పంతులుగారి ప్రశ్నకు కాలము చెప్పిన సమాధానము మన జిల్లాలకు అనుకూలమైనది. పత్రికలు, పుస్తకములు కృష్ణా గోదావరి తీరముల చదువుకొన్నవారి వాడుకనే ఎక్కువగా మేలుబంతిగా గైకొన్నవి. 'వచ్చాడు' ఒప్పైనది. తెలంగాణపు బాలుడు 'వచ్చిండు' అని వ్రాసినచో గీత పడినది. శ్రీకాకుళపు బాలికయు, కడప బాలుడును తమ యింటి మాటను దాచుకొనవలసివచ్చినది. గిడుగువారు పుట్టినది శ్రీకాకుళపు సీమలోనే యని జ్ఞాపకము తెచ్చుకొన్నచో ఈ సంగతి మఱింత నొప్పించును. ఒకనాడు మన తాతలకు పడిన గీతనే మనము పొరుగువారికి గీచితిమి. దీనికి మందు మాయొద్ద లేదు. పత్రికలకొక సమానరూపము కావలెను, నిజమే. అయితే సమానరూపము నేర్పుట వేఱు, ఇంటి మాటను తప్పనుట వేఱు. 'ఇది మీ యూరి మాట. వార్తాపత్రికలో ఇట్లు వ్రాయుదురు' అని ప్రక్కన వ్రాయుటకు ఎఱ్ఱ సిరాయే అక్కఱలేదు, పెన్సిలు చాలును.

మేము ముద్దాయిలమని మొదట చెప్పితిమి. ఆ నేరమును కూడ చెప్పవలెను.

2022 జులైలో ధవళేశ్వరము వద్ద గోదావరి ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. లంకగ్రామములు మునిగినవి. బడి మరల తెఱచిన పిదప తొమ్మిదవ తరగతికి 'వరద' యని వ్యాసమిచ్చితిమి. చాలమంది 'ప్రకృతి వైపరీత్యాలు' అను కంఠపాఠము వ్రాసిరి. లంకనుండి వచ్చు బాలిక యొకతె మాత్రము ఒకటిన్నర పుట వ్రాసినది. అందులో నొక వాక్యము: "ఏరు పొంగి మా ఆవు కొట్టుకుపోయింది." మేము 'పొంగి' అను మాటను కొట్టివేసి, పైన 'పొంగుటచేత' అని వ్రాసితిమి. ఎందుకు? క్త్వార్థమునకును ప్రధానక్రియకును కర్త యొక్కటే కావలెనని పాణిని సంస్కృతమునకు విధించెను. పొంగినది ఏఱు, కొట్టుకొనిపోయినది ఆవు. కర్తలు వేఱు, కావున తప్పు. మా సంస్కృతము మాకెంతయో తృప్తినిచ్చెను. అర మార్కు తీసివేసితిమి.

తరువాతి పరీక్షలో ఆ బాలిక గైడులోని వ్యాసము నక్షరము తప్పకుండ వ్రాసినది. ఒక్క గీతకును చోటు లేదు. ఒక్క సొంత మాటయు లేదు. తరగతిలో నెక్కువ మార్కులు వచ్చినవి. మేము మెచ్చుకొంటిమి కూడ.

కొన్ని దినములకు ఒక సాయంకాలము మా తల్లిగారు తులసికోటయొద్దనుండి కేకవేసిరి: "గాలి వేసి దీపం కొండెక్కిందిరా, అగ్గిపెట్టె ఇలా పట్టుకురా." అగ్గిపెట్టె తెచ్చుచు మేము నడుమ నిలిచిపోతిమి. వేసినది గాలి. కొండెక్కినది దీపము. కర్తలు వేఱు. మా తల్లిగారు పుట్టి బుద్ధెఱిగిన నాటినుండి మాటాడుచున్న తెలుగును పాణిని పేర దిద్దుటకు మేమెవ్వరము? ఆ రాత్రి ఆలోచించితిమి. "వాన కురిసి చెరువు నిండింది." "ఎండ తగిలి పైరు వాడిపోయింది." తెలుగులో ఈ ఇకారము ముందు జరిగినదానిని మాత్రమే చెప్పదు, కారణమును కూడ చెప్పును. మొదటి పని రెండవదానికి కారణమైనపుడు కర్తలు వేఱైనను చెవికి గ్రుచ్చుకొనదు. కారణము కానిచోట గ్రుచ్చుకొనును: "నేను బస్సు దిగి వాన మొదలైంది" అని యెవ్వరును అనరు, దిగగానే మొదలైనది అందురు. ఇంత సూక్ష్మమైన నియమము లంకలోని బాలికకు తెలియును. వరదలో ఆవును పోగొట్టుకొన్న యింటిలో, ఏఱు పొంగుటకును ఆవు పోవుటకును నడుమ 'చేత' అని ప్రత్యేకముగా చెప్పవలసిన యెడము లేదు. ఆ యెడమును మేము కల్పించి మార్కు తీసివేసితిమి.

మఱునాడు పాత కాగితముల కట్ట విప్పి ఆ వ్యాసము వెదకి తీసితిమి. మా 'పొంగుటచేత'ను కొట్టివేసి, ఆమె 'పొంగి' క్రింద చుక్కలు పెట్టి, ప్రక్కన 'ఇది సరియే, దిద్దినది తప్పు' అని వ్రాసి సంతకము చేసి, బాలికను పిలిచి చూపితిమి. ఆమె చాలసేపు చూచినది. మా గిడుగు పంతులుగారిని, పాణినిని, తులసికోట దీపమును అన్నిటిని గూర్చి చెప్పుటకు మేము సిద్ధముగా నుంటిమి.

"అయితే మాస్టారండీ, ఆ అర మార్కు కలుపుతారాండి?" అని యడిగినది.

కలిపితిమి.